ముఖం చదివే విద్య

తెలుగువారి ఇళ్లలో నడిమింటి గోడమీద ఒక పటం ఉండనే ఉంటుంది. తాతగారిదో, ముత్తవ్వదో. దానికొక గంధపు బొట్టు, ఒక పూలదండ, తద్దినంనాడు తుడిచిన అద్దం. ఆ తాతగారు ఎన్ని ఎకరాలు సంపాదించినారో, ఎన్ని పోగొట్టుకొన్నారో మనుమలకు తెలియకపోవచ్చును. ఆయన గొంతు ఎట్లుండెడిదో చెప్పగలిగినవారు కూడా ఒక్కరొక్కరుగా వెళ్లిపోయి ఉంటారు. మిగిలినది ఆ ముఖం ఒక్కటే. ఏ ఊరి స్టూడియోలోనో ఒక అపరిచితుడు, "కొంచెం గడ్డం ఎత్తండి, కదలకండి" అని చెప్పి, ఊపిరి బిగబట్టించిన ఒకటి రెండు క్షణాలలో నిలిచిపోయిన ముఖం అది. డెబ్బది యేండ్ల బ్రతుకుకు సాక్ష్యంగా ఆ క్షణమే మిగిలినది. ఆ క్షణాన్ని ఎన్నుకొన్నవాడెవడు? అతడు ఆ విద్యను ఎక్కడ నేర్చినాడు?

ఈ ప్రశ్న వేయవలసిన అవసరం నేడు పూర్వంకంటె ఎక్కువగా ఉన్నది. పదవ తరగతో ఇంటరో ముగించిన పిల్లవాడు, లేదా పిల్ల, "నేను ఫోటోగ్రాఫరునవుతాను, మనుష్యుల ముఖాలు తీస్తాను" అన్నప్పుడు ఇంటిలో రెండు జవాబులు వినిపిస్తాయి. "అదికూడా ఒక చదువేనా?" అన్నది మొదటిది. "చేతిలో ఫోను ఉన్నది కదా, ఇక నేర్చుకొనేదేమున్నది?" అన్నది రెండవది. ఒకటి వృత్తిని చిన్నచూపు చూచే మాట, మరొకటి విద్యను చిన్నచూపు చూచే మాట. ఈ రెండింటికీ సమాధానం చెప్పగలిగిన ఊరు మనకు దగ్గరలోనే ఉన్నది. అది సికింద్రాబాదు.

లష్కరులో ఒక స్టూడియో

మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన ఈ ఊరు మొదట ఒక దండు విడిది. నేటికీ "లష్కరు బోనాలు" అనే మాటలో ఆ పాతపేరు సజీవంగా ఉన్నది. 1874లో వాడీనుండి రైలుమార్గం వచ్చి, ఈ దండు ఊరిని బొంబాయి దారితో కలిపినది. ఇంగ్లీషు సైనికాధికారులు, వారి కుటుంబాలవారు, వర్తకులు, హుస్సేన్‌సాగరుకు ఆవలి ఒడ్డున హైదరాబాదు నవాబులు, జాగీర్దారులు. ముఖం చిత్రింపజేసికొనే కోరికా, అందుకు డబ్బూ రెండూ ఉన్నవారు ఇందరు ఒకచోట చేరిన ఊర్లు ఆ కాలంలో దక్కనులో అరుదు. 1880ల నడుమ లాలా దీన్ దయాళ్ తన స్టూడియోకు ఈ ఊరిని ఎన్నుకొనుటలో ఆశ్చర్యం లేదు.

దీన్ దయాళ్ తెలుగువాడు కాడు. మీరట్ సమీపంలోని సర్ధానాలో 1844లో ఒక జైన కుటుంబంలో జన్మించినారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు సంస్థానంలో మరామత్తు శాఖలో అంచనాలు కట్టే, నకళ్లు గీచే ఉద్యోగంలో చేరినారు. కెమెరాను పట్టినది 1874 ప్రాంతంలో. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లు. ఉద్యోగం చేస్తూనే ఇందూరు మహారాజు తుకోజీరావు హోళ్కరు, బ్రిటిషు ప్రతినిధి సర్ హెన్రీ డేలీ మున్నగువారి ప్రోత్సాహంతో చిత్రాలు తీసినారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండులో పర్యటించి ప్రాచీన కట్టడాలను చిత్రించినారు. ఆ చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వెలువడినవి. ఆ మీదట ఉద్యోగం విడిచి, ఛాయాచిత్రణమే వృత్తిగా దక్కనుకు వచ్చినారు.

వృత్తిని కోరే విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ ఈ క్రమాన్ని గమనించవలెను. ఆయన ఒకనాటి ఉత్సాహంతో ఉద్యోగానికి రాజీనామా పెట్టలేదు. సుమారు పది సంవత్సరాలు జీతాన్ని ఆధారంగా ఉంచుకొని, పక్కన విద్యను పెంచుకొన్నారు. ఇంజనీరింగు చదువు కూడ వ్యర్థం కాలేదు. గీతను, కొలతను, నీడ పడే తీరును ఆ చదువే ఆయన కంటికి అలవరచినది. కట్టడాన్ని నిలువుగా నిలిపి చూచిన కన్నే, తరువాత నవాబు భుజాల వంపును కూడా చూచినది.

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా ఆదరించి, "రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్" బిరుదు నిచ్చినారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. యంత్రాన్ని వాడేవానికి చిత్రకారుని బిరుదు నిచ్చుటలో ఒక తీర్పు ఉన్నది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు గౌరవం లభించినది. 1896లో బొంబాయిలోను స్టూడియో తెరచినారు. 1897లో విక్టోరియా రాణినుండి రాజముద్ర వాడుకొనే అనుమతి వచ్చినది. 1905లో ఆయన మరణించినారు. ఆయన కుటుంబంవద్ద మిగిలిన 2,857 గాజు నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించినది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల వెలువరించినది.

నల్లగుడ్డ క్రింది గురుకులం

ఆనాడు ఈ విద్యకు కళాశాలలు చాల తక్కువ. మద్రాసులో అలెగ్జాండరు హంటరు స్థాపించిన కళాపాఠశాలలో 1850లలోనే ఛాయాచిత్రణం నేర్పినారు గాని, అది కొందరికే అందినది. తక్కిన వారందరికీ స్టూడియోయే బడి. దీన్ దయాళ్ కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ తండ్రి స్టూడియోలోనే పని నేర్చి, వృత్తిలో భాగస్వాములైనారు.

ఆ బడిలో పాఠం ఎంత కఠినమో తెలియవలెనంటే నాటి పని తీరు తెలియవలెను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టిన తడిపలక పద్ధతిలో గాజుపలకపై కొలోడియన్ పూత పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే చిత్రం తీసి, చీకటిగదికి పరుగెత్తి కడగవలెను. మొత్తం వ్యవధి పదిపదిహేను నిమిషాలు. మన ఎండకాలంలో అంతకన్న తక్కువ. చిత్రానికి కావలసిన వెలుగు కొన్ని సెకండ్లపాటు పడవలెను గనుక కూర్చున్నవారి తల కదలకుండా వెనుక ఒక ఇనుప ఆధారం ఉండెడిది. పాతచిత్రాలలో మన పెద్దలు బిగుసుకొని ఉన్నట్లు కనబడటానికి ఒక కారణం ఆ ఇనుపకడ్డీ. 1870ల చివర పొడిపలకలు బజారులోకి వచ్చిన పిమ్మట ఈ కష్టం తగ్గినది.

నెగెటివు సిద్ధమైన తరువాత కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని దానికి ఆనించి, ఎండలో పెట్టి అచ్చుతీసేవారు. ఎండ ఎంతసేపన్నది ఏ గడియారమూ చెప్పదు. కాగితం రంగు మారే తీరును చూచి చెప్పవలెను. తరువాత బంగారు లవణంతో వన్నె తేవడం, హైపోతో స్థిరపరచడం, గంటలకొలది నీటిలో కడగడం. కడుగుట తక్కువైతే ఆనాటికి తెలియదు, పది పదిహేనేండ్లకు చిత్రం పసుపెక్కి పాలిపోతుంది. చేసిన తప్పు చేసినవాని కంటికి కనబడకుండ, మనుమల కంటికి కనబడే పని అది. ఇంతటి బాధ్యత నేర్పే పాఠం వేరొకటి అరుదు.

ఇటీవలి కాలంవరకు మన తాలూకా పట్టణాల స్టూడియోలలో కూడ ఇదే వరుస నడచినది. కొత్తగా చేరిన కుర్రవానికి మొదట కెమెరా ఇచ్చేవారు కారు. తొట్లు కడగడం, డెవలపరు కలపడం, ఎర్రబల్బు వెలుతురులో కాగితంపై ముఖం మెల్లగా తేలివచ్చుట కనిపెట్టి చూడటం, అచ్చులు ఆరబెట్టి అంచులు కత్తిరించడం, ఆపైన సన్నని పెన్సిలుతో నెగెటివుపై "టచింగు". కంటిక్రింది గీతను కొద్దిగా తగ్గించవచ్చు, తుడిచివేయరాదు. తుడిచివేస్తే ముఖం ఆ మనిషిది కాదు. ఆరునెలలు టచింగు చేసిన కుర్రవానికి ఊరిలోని ప్రతి ముఖంలోను ఏ ముడత ఎక్కడ ఉన్నదో తెలిసిపోయేది. కెమెరా వెనుకకు వచ్చేనాటికి అతడు వందల ముఖాలు చదివి ఉండేవాడు.

చీకటిగదులు నేడు దాదాపుగా మూతపడినవి. యంత్రం తనంతట తానే కన్నును వెదకి పట్టుకొంటున్నది, వెలుగును లెక్కిస్తున్నది. పోయినదేమిటంటే రసాయనాల వాసన కాదు. ఒక ముఖాన్ని తొందరపడక, గంటలకొలది చూచే నిర్బంధం పోయినది. నేటి విద్యార్థి ఆ నిర్బంధాన్ని తనకు తానే విధించుకొనవలసి ఉన్నది.

ఉత్తరపు కిటికీ

మొదటి పాఠం వెలుగు. పాత స్టూడియోలకు ఉత్తరపు వైపున అద్దాల గోడ, అద్దాల కప్పు ఉండెడివి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాలలో సూర్యుడు దక్షిణంగా సంచరిస్తాడు గనుక ఉత్తరపు కిటికీలోనికి ఎండ నేరుగా రాదు. ఆకాశపు వెలుగు మాత్రం రోజంతా సమంగా వస్తుంది. ఐరోపా చిత్రకారులు పాటించిన నియమం ఇది.

కాని సికింద్రాబాదు సుమారు 17½ డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద, కర్కాటకరేఖకు లోపల ఉన్నది. మే రెండవ వారం మొదలు ఆగస్టు మొదటి వారంవరకు ఇచ్చట మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ రెండు వారాలలోను ఒక్కొక్కనాడు మిట్టమధ్యాహ్నం నిలువుకఱ్ఱకు నీడయే ఉండదు. భూగోళం చెప్పే ఉపాధ్యాయులు పిల్లలను బడి ఆవరణలో నిలిపి దీనిని చూపవచ్చును. ఇంగ్లీషు పుస్తకంలోని ఉత్తరపు వెలుగు సూత్రం, మన నడివేసవిలో, అద్దాల కప్పు క్రింద కొంత తప్పిపోతుంది. తెరలు ఏ వేళ, ఎటువైపు లాగవలెనో ఈ ఊరి ఆకాశమే నేర్పవలెను. పుస్తకం చెప్పిన దానిని తన ఊరిలో సరిచూచుకొనుటయే శిక్షణలో సగం.

ఇంటిలో చేయదగిన సాధన ఒకటి ఉన్నది. ఒకే కిటికీ ప్రక్కన ఒకే మనిషిని కూర్చుండబెట్టి, ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం ఒక్కొక్క చిత్రం తీయవలెను. తరువాత ముఖాన్ని కిటికీకి ఎదురుగా, ప్రక్కగా, ఏటవాలుగా త్రిప్పి తీయవలెను. రెండవ చెంపపై ఒక తెల్లని అట్టను పట్టి, నీడ ఎంత పలుచనగునో చూడవలెను. కనుపాపలో కిటికీ ఒక చిన్న మెరుపుగా కనబడుతుంది. అది ఉంటే ముఖానికి ప్రాణం ఉంటుంది, లేకుంటే కన్ను మూసిన తలుపువలె ఉంటుంది. నెలరోజులు ఈ పని చేసిన పిల్లకు ఏ కెమెరా అమ్మేవాడూ చెప్పలేనిది తెలుస్తుంది. బడిలో చదివిన భౌతికశాస్త్రం కూడ ఇక్కడ కూలికి వస్తుంది. చిన్న దీపంనుండి దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగవ వంతు మాత్రమే అవుతుంది.

దూరం, చాయ

రెండవ పాఠం దూరం. ముక్కుకొన చెవికంటె సుమారు నాలుగున్నర అంగుళాలు ముందు ఉంటుందనుకొందము. అడుగు దూరంనుండి ఫోనుతో తీస్తే ముక్కు పన్నెండు అంగుళాల దూరాన, చెవి పదహారున్నర అంగుళాల దూరాన ఉంటాయి. అందుచేత ముక్కు ఉబ్బి, చెవులు వెనుకకు పోయి, ఎంత చక్కని ముఖమైనా వికారంగా కనబడుతుంది. ఆరడుగుల దూరంనుండి తీస్తే ఆ తేడా డెబ్బది రెండుకు, డెబ్బది ఆరున్నరకు మధ్య ఉండే స్వల్పమైన తేడా మాత్రమే. ముఖచిత్రకారులు ఎనభై అయిదు, నూరు మిల్లీమీటర్ల కటకాలను వాడుటలో రహస్యం ఇంతే. ఆ కటకం వారిని వెనుకకు జరిగి నిలబడేట్లు చేస్తుంది. ఎదుటివారికి ఊపిరి ఆడే చోటు ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, రేఖాగణితం కూడా.

మూడవ పాఠం చాయ. దీనిని అందరికన్న మనవారు జాగ్రత్తగా నేర్చుకొనవలెను. కెమెరాలోని కొలమానం లోకమంతా నడిమి బూడిదరంగులో ఉన్నదనుకొంటుంది. తెల్లని పంచె, తెల్లని చొక్కా ధరించిన చామనచాయ పెద్దమనిషి ఎదుట నిలిస్తే, ఆ తెలుపును చూచి కెమెరా భయపడి చిత్రాన్నంతటినీ చీకటి చేస్తుంది. ఆయన ముఖం బొగ్గు అవుతుంది. నల్లని తెర ముందు కూర్చుండబెడితే అదే ముఖం సున్నం కొట్టినట్లవుతుంది. బట్టను కాక ముఖాన్ని చూచి కొలవవలెనన్నది వందసార్లు పొరబడిన తరువాతగాని ఒంటబట్టదు. గత శతాబ్దంలో కోడాక్ సంస్థ రంగుచిత్రాల అచ్చును సరిచూచుకొనుటకు ప్రయోగశాలలకు పంపిన నమూనా చిత్రాలలో చాలకాలం తెల్లజాతి స్త్రీ ముఖమే ఉండెడిది. యంత్రం నిష్పక్షపాతమైనదన్న నమ్మకం ఎంత అమాయకమో దీనివల్ల తెలుస్తుంది.

ఈ పాఠంలో నీతి కూడా ఉన్నది. పెండ్లి సంబంధానికి పంపే ఫోటో అనగానే పిల్ల చాయను రెండు పాళ్లు తెలుపు చేయడం మన స్టూడియోలలో ఎన్నాళ్లనుండో ఉన్న అలవాటు. నాడు పెన్సిలు చేసిన ఆ పనిని నేడు ఫోను అడుగకనే చేస్తున్నది. దయతో చేసినట్లు కనబడే ఈ పనిలో, "నీ ముఖం ఉన్నది ఉన్నట్లు చాలదు" అన్న మాట దాగి ఉన్నది. ఆ మాట పిల్ల మనసులో ఎంతకాలం నిలుస్తుందో తెర వెనుక నున్నవానికి తెలియదు. నల్లని ముఖాన్ని నల్లగానే, అందంగానే నిలుపగల వెలుగును నేర్చుకొన్నవాడు నిజమైన శిక్షణ పొందినవాడు. చేతకానివాడే తెల్లరంగు పూస్తాడు.

పరదా వెనుక నమ్మకం

నాలుగవ పాఠం మనిషి. తక్కిన మూడింటిని ఏడాదిలో నేర్వవచ్చును, దీనికి అవధి లేదు.

1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో స్త్రీలకై ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరచినారు. ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని కంటబడక చిత్రం తీయించుకొనుటకు ఎత్తయిన గోడల నడుమ ఏర్పరచిన స్థలం అది. మిసెస్ కెన్నీ లెవిక్ అను ఇంగ్లీషు మహిళ దానిని నడపినారు. లోపలి పని అంతయు స్త్రీలదే. వ్యాపార దృష్టితో చూస్తే అది కొత్త ఖాతాదారులను సంపాదించే ఉపాయం కావచ్చును. కాని అందులో ఈ వృత్తి మూలసూత్రం ఉన్నది. ఎదుట కూర్చున్నవారు నిర్భయంగా ఉండగల చోటును ముందు కట్టవలెను, చిత్రం ఆ తరువాతనే వస్తుంది. కెమెరా వెనుక స్త్రీ ఉండుట కొందరికి అవసరమని, ఆ అవసరానికి స్త్రీలకు శిక్షణ కావలెనని ఈ నగరం 130 సంవత్సరాలకు పూర్వమే చూచినది. "ఆడపిల్లకు ఈ పనేమిటి?" అనేవారికి ఇంతకన్న పాత జవాబు అక్కరలేదు.

అదే స్టూడియో తీసిన మరి రెండు రకాల చిత్రాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. 1902లో వైస్రాయి కర్జను వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండలో వేటాడిన పులి ప్రక్కన సతీసమేతంగా నిలిచిన చిత్రం ఒకటి. ఎట్లు నిలువవలెనో, లోకానికి ఎట్లు కనబడవలెనో ఆయనకు తెలుసును. ఆ చిత్రంలో సగం కర్తృత్వం ఆయనదే. దాదాపు ఆ యేండ్లలోనే నిజాము రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతపు కరవు సహాయపు పనులను కూడ చిత్రించినారు. ఆ కూలీలను "మీరెట్లు కనబడదలచినారు?" అని ఎవరు అడిగి ఉంటారు? అధికారం ఉన్నవాడు తన ముఖాన్ని తానే దిద్దుకొంటాడు, లేనివాని ముఖం తీసేవాని చేతిలో ఉంటుంది. కనుకనే లేనివాని ముందు నిలిచినప్పుడు ఛాయాచిత్రకారునికి రెట్టింపు మర్యాద కావలెను. అడిగి తీయడం, తీసిన దానిని చూపడం, వీలైతే ఒక ప్రతిని ఇవ్వడం. ఈ మూడు అలవాట్లను ఏ పాఠ్యప్రణాళికలోను ఆఖరి పాఠంగా పెట్టరాదు. ఇవి మొదటిరోజు పాఠాలు.

నేటి బడులు, నేటి బ్రతుకు

ఇప్పుడు చదువు సంగతి. హైదరాబాదులో 1940లో నెలకొన్న కళాపాఠశాల క్రమంగా లలితకళల కళాశాలగా పెరిగి, 2008నుండి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగంగా మాసాబ్ ట్యాంకు వద్ద నడుస్తున్నది. ఇంటరు తరువాత ప్రవేశపరీక్ష వ్రాసి, ఛాయాచిత్రకళలో నాలుగేండ్ల బి.ఎఫ్.ఏ. పట్టం అచ్చట పొందవచ్చును. పై చదువు కోరేవారికి గాంధీనగరులోని జాతీయ డిజైను సంస్థలో ఛాయాచిత్రణంలో ఉన్నతవిద్య ఉన్నది. కోరుట్లలో పుట్టి హైదరాబాదులో స్థిరపడి, చిత్రాలు తీయుటతోపాటు శిష్యులను కూడ తయారుచేసిన బండి రాజన్‌బాబు 2011లో మరణించినారు. తీయడం, నేర్పడం ఒకే జీవితంలో ఇమడగలవని చెప్పుటకు ఆయన ఉదాహరణ. లండనులో 1853లో పుట్టిన రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ చిత్రాల సంపుటాన్ని పరీక్షించి ఇచ్చే గౌరవాలను మన నగరంవారు కూడ పొందినారు.

పట్టం లేకున్నను మార్గం ఉన్నది. మంచి స్టూడియోలో రెండేండ్లు సహాయకునిగా పనిచేయడం నేటికీ గొప్ప చదువే. అయితే, చేరేముందు ఒక సంగతి చూడవలెను. ఆ యజమాని ఖాతాదారులతో ఎట్లు మాట్లాడుచున్నాడు? ముసలివారు మెట్లెక్కి వచ్చినప్పుడు లేచి కుర్చీ వేస్తాడా? అతని కెమెరా ధరకంటె ఈ సంగతి ముఖ్యం.

బ్రతుకుతెరువు గురించి దాచకుండ చెప్పవలెను. పాస్‌పోర్టు, హాల్‌టికెట్టు ఫోటోలు స్టూడియోల నిత్యభోజనం. పెండ్లిళ్లు విందుభోజనం. కాని ముహూర్తాలున్న నెలలలో రాత్రింబవళ్లు పని, ఆషాఢంలో, పుష్యంలో, మూఢం వచ్చినప్పుడు చేతులు ముడుచుకొని కూర్చోవలసినదే. తెలుగుదేశపు ఫోటోగ్రాఫరు తన కటకాలతోపాటు పంచాంగాన్ని కూడ దగ్గర ఉంచుకొని ఖర్చు లెక్క వేసుకొనవలెను. ఫోనులు వచ్చి మామూలు చిత్రాలను తీసుకొనిపోయినవి, ఆ పని ఇక తిరిగి రాదు. అందుచేత మామూలుగా తీసేవానికి ఈ వృత్తిలో చోటు తరిగిపోతున్నది. ఎదుటి మనిషిని చదివి తీయగలవానికి మాత్రం చోటు ఉన్నది. ఆ తేడాను సంపాదించుటకే శిక్షణ. అప్పుచేసి ఖరీదైన కెమెరా కొని, ఆ పిమ్మట విద్యను వెదకుట ఇల్లు కట్టి పునాది త్రవ్వినట్లుంటుంది. దీన్ దయాళ్ వలె, చేతిలో ఒక ఆధారం ఉంచుకొని, పక్కన పదేండ్లు కాకున్నా నాలుగేండ్లయినా సాధన చేయుట వివేకం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రతి బడిలోను ఏటేటా తీసే గ్రూపు ఫోటో ఒకటి ఉంటుంది. ఎత్తైనవారు వెనుక, చిన్నవారు ముందు, నడుమ హెడ్మాస్టరుగారు. ఆ ఫోటోలో తరచుగా కనబడనివారు కొందరుంటారు. గంట కొట్టే మనిషి, మధ్యాహ్న భోజనం వండే అమ్మ, గేటువద్ద కాపలాదారు. వచ్చే ఏడు ఆ ముగ్గురి చిత్రాలు తీసే పని ఆసక్తిగల విద్యార్థులకు అప్పగించండి. ముందు వారివద్దకు పోయి అడుగవలెనని, వారితో కాసేపు కూర్చుండి మాట్లాడవలెనని, వారికి నచ్చిన చోట, నచ్చిన బట్టలలో తీయవలెనని, తీసినది వారికి చూపి, "ఇది మీరేనా?" అని అడుగవలెనని చెప్పండి. అచ్చు వేయించిన ప్రతి ఒకటి వారి చేతికి ఇప్పించండి.

వంట చేసే ఆ అమ్మకు ఇంతకు ముందు ఉన్నవి గుర్తింపు కార్డుపై అతికించిన బిళ్లంత ఫోటోలే కావచ్చును. పిల్ల తీసి ఇచ్చిన ఈ చిత్రాన్ని ఆమె చేతిలోకి తీసుకొని, కొంగుతో ఒకసారి తుడిచి, మాటాడక చూస్తూ నిలబడుతుంది. ఏదో ఒకనాడు ఆ చిత్రమే ఆమె ఇంటి గోడకు ఎక్కుతుంది. ఆమె మనుమలు దానిని చూచి, "మా నాయనమ్మ ఇట్లు ఉండెడిది" అనుకొంటారు. తీసిన పిల్ల పేరు అందులో ఎక్కడా ఉండదు. కాని ఆ పిల్ల ఆనాడు వెలుగును సరిగా చూచినదా, తొందరపడినదా, ఆ తల్లిని నవ్వించి తీసినదా, భయపెట్టి తీసినదా అన్నది మాత్రం ఆ గోడమీద, దండ వెనుక, ఉన్నన్నాళ్లూ కనబడుతూనే ఉంటుంది.